ఒంటరిగా అపలాచియన్ ట్రైల్: ఆత్మరక్షణకి ఏం పట్టుకెళ్లాలి?

కందనవోలు_పిల్ల

ఏప్రిల్ మూడో వారం నుంచి సెలవు పెట్టేశాను. అమెరికా తూర్పు కొండల మీదుగా పోయే పొడవాటి కాలిబాట అపలాచియన్ ట్రైల్ (ఏటీ) మీద జార్జియాలో స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర మొదలుపెట్టి నార్త్ కరోలినాలో ఫోంటానా డ్యామ్ దాకా, 165 మైళ్ల చిల్లర. ఒక్కదాన్నే. తోడు రావాల్సిన ఫ్రెండుకి మోకాలి ఆపరేషన్ పడింది. నేను మాత్రం మానుకునేది లేదు.

నడకంటే భయం లేదు, ఇక్కడ షార్లెట్ చుట్టుపక్కల కొండలన్నీ తిరిగినదాన్నే. తలనొప్పంతా ఎవరికి చెప్పినా వచ్చే మొదటి ప్రశ్నతో: "సేఫ్టీకి ఏం పట్టుకుపోతున్నావ్?" ఆఫీసులో ఒకాయన తుపాకీ అంటాడు. రూమ్మేటు బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంట్లని ఆపే ఘాటు స్ప్రే అంటుంది. కర్నూల్లో మా అమ్మ "కారం పొడి పొట్లం కట్టుకోని పో" అంటుంది, అదీ సీరియస్‌గా. నెట్‌లో చూస్తే స్టన్ గన్, కత్తి, అలారం, విజిల్, ఇంకా పేరు తెలియని ఇనప ముక్కలు బోలెడు. అన్నీ వేసుకుంటే నేను మోసేది టెంటు కాదు, ఆయుధాగారం.

నిజంగా ఒంటరిగా నడిచినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఏం మోశారు, ఏం వాడారు, ఏది దారిలో ఇంటికి పోస్టు చేసేశారు, చెప్పండి. "ఒంటరిగా వెళ్లకు" అనే సలహా మాత్రం వద్దు. అది ఇంట్లోనే కావలసినంత దొరుకుతోంది.

డల్లాస్_బావ

ఇందులో చర్చించేదేముంది? చిన్న 9ఎంఎం పిస్టల్. తూటాలతో కలిపినా కిలో లోపే. నేషనల్ పార్కుల్లో కూడా 2010 ఫిబ్రవరి నుంచి, ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే పెట్టుకోవచ్చు. మిగతావన్నీ ఆటబొమ్మలు.

ప్రయారిటీ_డేట్_2013

బావగారూ, ముందు అమ్మాయి ఏ వీసా మీద ఉందో అడిగారా?

కందనవోలు_పిల్ల

హెచ్‌1బీ. ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయ్యి మూల కూర్చుంది.

ప్రయారిటీ_డేట్_2013

అయితే తుపాకీ మాట ఇక్కడితో ఆపెయ్యమ్మా. హెచ్‌1, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఈ దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. టైటిల్ 18, సెక్షన్ 922(జి)(5)(బి). జైలు సంగతి అలా ఉంచు, తుపాకీ కేసులో నేరం రుజువైతే దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే చాలు. ఐ-140 వచ్చినంత మాత్రాన స్టేటస్ మారదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చినవాళ్లకి ఈ సెక్షన్ అడ్డు రాదు, అప్పుడు బావగారి మాట విన్నా వినకపోయినా నీ ఇష్టం.

ఫ్రెండు పిస్టల్ ఒక్క రాత్రికి నీ బ్యాగులో పెట్టుకున్నా అది "దగ్గర పెట్టుకోవడమే".

డల్లాస్_బావ

హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది కదా. ఆ సంగతి చెప్పరేం? ఆన్‌లైన్‌లో కాసేపట్లో వచ్చేస్తుంది.

ప్రయారిటీ_డేట్_2013

ఉంది. దాన్ని పట్టుకుని సూది బెజ్జంలోంచి దూరాలనుకునేవాళ్లు ముందు లాయరుతో కూర్చోవాలి. అడవిలో రేంజరుతో వాదించి తేల్చుకునే విషయం కాదది. పదేళ్లకి పైగా లైన్లో నిలబడి ఉన్నవాణ్ణి, నాకు తెలుసు ఎక్కడ రిస్కు తీసుకోకూడదో.

పైగా ఏటీ 14 రాష్ట్రాల మీదుగా పోతుంది. ఒక రాష్ట్రం పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లుతుందన్న గ్యారంటీ లేదు. న్యూజెర్సీ, న్యూయార్క్, మసాచుసెట్స్‌లో పౌరులకే చుక్కలు కనిపిస్తాయి. ట్రైల్‌ని చూసుకునే కన్జర్వెన్సీ వాళ్లు కూడా తుపాకులు మోయవద్దనే చెప్తారు.

ఉప్మా_అల్ట్రాలైట్

నేను బరువు తగ్గించాలని టూత్‌బ్రష్ పిడి కోసేసే రకం. కిలో ఇనుము మోసేవాళ్లకి నా నమస్కారం.

గుంటూరు_ఘాటు

అమ్మగారి కారం పొడిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. స్ప్రే డబ్బాలో ఉండేదీ మన మిరపకాయలోని క్యాప్సైసినే. డబ్బా వాళ్లది, ఘాటు మనది.

పొగమంచు

ఘాటు మీదేనండీ, గాలి మాత్రం మీది కాదు. కొండ మీద పొడి విసిరితే సగం తిరిగొచ్చి మన కళ్లలోనే పడుతుంది. వానకి తడిస్తే ముద్దయి కూచుంటుంది. ఏప్రిల్లో జార్జియా కొండల్లో వాన పడని వారం ఉండదు.

గుంటూరు_ఘాటు

సరే, అయితే రాత్రి ఉప్మాలోకి వాడుకోమనండి.

కరెంటు_కామేశం

స్టన్ గన్ గురించి ఎవరూ మాట్లాడరేం? చిన్నది, రీచార్జ్ అవుతుంది, టార్చిలైటు కూడా అదే.

మజిలీ_మంగ

దానితో పనవ్వాలంటే అవతలివాడిని ముట్టుకోవాలి కామేశం గారూ. ముట్టుకునేంత దగ్గరికి వాడు రాకూడదనే కదా ఇదంతా.

ఇక అమ్మాయి అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్తాను. ఏటీ మొత్తం ముక్కలు ముక్కలుగా కొన్నేళ్లలో పూర్తి చేశాను. ఎక్కువ భాగం ఒంటరిగానే. మొదట్లో నా దగ్గరా ఓ చిన్న దుకాణం ఉండేది: పెప్పర్ స్ప్రే, మడత కత్తి, అలారం, విజిల్, గొలుసు లాంటిదొకటి. చివరికి మిగిలినవి పెప్పర్ స్ప్రే, విజిల్, ఇన్‌రీచ్ (శాటిలైట్ ద్వారా మెసేజ్, ఎస్ఓఎస్ పంపే చిన్న పరికరం). కత్తి జున్ను కోసుకోడానికి.

ముప్పు ఎక్కడుంటుందో ముందు తేల్చుకోవాలి. అడవి మధ్యలో, కారు రోడ్డుకి అయిదారు మైళ్ల దూరంలో ఉండే మనిషి బరువు మోసుకుని చెమటోడ్చి అక్కడికి చేరినవాడు. చెడ్డపని చెయ్యాలనుకునేవాడు అంత కష్టపడడు. నాకు ఒళ్లు జలదరించిన సందర్భాలన్నీ రోడ్డు పక్కనో, పార్కింగ్ దగ్గరో, ఊళ్లోకి లిఫ్టు కోసం నిలబడ్డప్పుడో జరిగినవే. అందుకని రోడ్డుకి మైలు లోపల ఉన్న షెల్టర్లలో (హైకర్లు రాత్రి పడుకోడానికి ట్రైల్ పక్కన కట్టిన పాకలు) నేను పడుకోను. ఆ రోజు ఇంకో రెండు మైళ్లు ఎక్కువ నడుస్తాను, లేదా తక్కువ నడుస్తాను. మీ దారిలో డిక్స్ క్రీక్ గ్యాప్ దగ్గర హయవాసీకి, వైండింగ్ స్టెయిర్ గ్యాప్ దగ్గర ఫ్రాంక్లిన్‌కి అందరూ లిఫ్టు అడుగుతుంటారు. మీరు అడగొద్దు. రెండు చోట్లా హాస్టళ్ల వ్యాన్లు వస్తాయి, ముందు రోజే మెసేజ్ పెట్టండి.

వర్జీనియాలో ఓ సాయంత్రం షెల్టర్ దగ్గర ఒకాయన తగిలాడు. వీపున బ్యాగు లేదు, కాళ్లకి మామూలు చెప్పులు. ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఒక్కదానివేనా, రేపు ఎంతవరకు, టెంటా షెల్టరా అని వరసపెట్టి ప్రశ్నలు. "మా వాళ్లు నలుగురు వెనకొస్తున్నారు, నీళ్ల దగ్గర ఆగారు" అన్నాను. స్టవ్ మీద పెట్టిన నీళ్లు పారబోసి, నెమ్మదిగా సర్దుకుని, తల దీపం పెట్టుకుని చీకట్లో నడిచి వెళ్లిపోయాను. స్ప్రే చేతిలోనే ఉంది, వాడాల్సిన అవసరం రాలేదు. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. ఉంటే ఉండనీ, నాకేం నష్టం?

స్ప్రే నిజంగా వాడింది కుక్క మీద. గొలుసు లేని కుక్క, పెన్సిల్వేనియాలో ఓ పొలం పక్కన. అప్పుడు కూడా ముందు పనికొచ్చింది ట్రెక్కింగ్ పోల్సే. రెండూ ముందుకి చాచి అడ్డం పెట్టి వెనక్కి నడిచాను.

అచ్చంపేట_అడవి

మంగక్క మాట ముమ్మాటికి నిజం. 2023ల తిరుమల మెట్ల దారిల చిరుత ఆరేండ్ల పాపను చంపింది, యాదికున్నదా? తర్వాత టీటీడీ వాళ్లు నడిచిపోయేటోళ్లకు చేతికర్రలు ఇచ్చిన్రు. మస్తు మీమ్స్ ఏసిన్రు అందరు, "చిరుతను కర్రతోని కొడ్తరా" అని. అరె, కర్ర కొట్టనీకె కాదు భై. చేతిల కర్ర ఉంటె మనిషి పెద్దగ కనవడ్తడు, సప్పుడు జేస్కుంట పోతడు. మా నల్లమలల పశులగాసేటోళ్లు ఎవరన్న కర్ర లేకుంట అడివికి పోతరా?

డల్లాస్_బావ

కర్ర పట్టుకుని మనిషికి ఎదురు నిలబడు, తెలుస్తుంది. మాట్లాడుకుంటున్నది మనుషుల గురించి. 2019లో వర్జీనియాలో ట్రైల్ మీద ఏం జరిగిందో చదివి రండి. కత్తి పట్టుకుని టెంట్ల మీద పడ్డాడు. ఒకాయన చనిపోయాడు. ఒకామెకి ఒళ్లంతా పోట్లు. 1996లో వర్జీనియాలోనే షెనాండోవా నేషనల్ పార్కులో ఇద్దరమ్మాయిల్ని క్యాంపులోనే చంపేశారు. ఏడాదికి ఇన్ని లక్షల మందిలో ఇంతమందే అని లెక్కలు చెప్తే, పోయినవాళ్ల ఇంట్లో వాళ్లకి ఆ లెక్క ఎక్కదు.

మజిలీ_మంగ

చదివాను. మీరూ పూర్తిగా చదవండి. ఆ 2019 మనిషి అంతకు ముందు నెలలోనే టెన్నెసీలో ట్రైల్ మీద జనాన్ని బెదిరించి అరెస్టయ్యాడు. బయటికొచ్చి మళ్లీ నడక మొదలుపెట్టాడు. వాడి గురించి హైకర్లు ఒకరికొకరు ఆన్‌లైన్‌లో హెచ్చరించుకుంటూనే ఉన్నారు. బతికి బయటపడ్డ ఆవిడ చచ్చినట్టు పడుకుని, వాడు పక్కకి పోయాక లేచి, ఆ గాయాలతోనే చీకట్లో మైళ్లు నడిచి సాయం అందుకుంది. టెంటులో నిద్రపోతున్నవాడి దిండు కింద పిస్టల్ ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. వాడు వస్తున్నాడని ముందే తెలిసి ఆ రాత్రి ఊళ్లో ఆగిపోయినవాళ్లు మాత్రం క్షేమంగా ఉండేవాళ్లు.

అందుకే ఫార్‌అవుట్ అనే ట్రైల్ మ్యాపు యాప్‌లో షెల్టర్ల కింద కామెంట్లు రోజూ చదవండి. నీళ్లు ఉన్నాయా లేవా అనే వాటి మధ్యలోనే "ఇక్కడ ఒకడు వింతగా ప్రవర్తిస్తున్నాడు" అనేవీ ఉంటాయి.

పొగమంచు

షెనాండోవా కేసు 2024లో తేలింది. డీఎన్ఏతో ఎఫ్‌బీఐ వాళ్లు మనిషిని గుర్తించేసరికి వాడు వేరే కేసులో జైల్లో ఉండగా 2018లోనే చచ్చిపోయాడు. 28 ఏళ్లు పట్టింది.

డల్లాస్_బావ

సరే మంగగారూ, హెచ్చరికల విషయంలో ఒప్పుకుంటున్నా. పిస్టల్ విషయంలో ఒప్పుకోను.

మజిలీ_మంగ

ఒప్పుకోకండి. ఆ అమ్మాయికి చట్టమే ఒప్పుకోవడం లేదు కదా, మనమిద్దరం కొట్టుకుని లాభమేంటి?

కడప_కట్టె

నాకు మంగక్క చెప్పినేదాంట్లో ఒక్కటి నచ్చల్యా. "మా వాళ్లు నలుగురు వెనకొస్తాండారు" అని అబద్ధం చెప్పాల్సిన ఖర్మ ఏందప్పా? ఒంటరిగా వచ్చినా, అయితే ఏం? అని గట్టిగా చెప్పాల. బెదిరినట్టు కనపడితేనే ఇంకా మీదికొస్తారు.

బెజవాడ_బస్టాండ్

తమ్ముడూ, నువ్వు మగాడివని పోస్టు చదివితేనే తెలిసిపోతోంది.

కడప_కట్టె

నేను ఆడపిల్లనే అక్కా 🙂 అరుణాచల్‌లో ఒక్కదాన్నే తిరిగినా.

బెజవాడ_బస్టాండ్

సారీ చెల్లీ. మాట వెనక్కి. అయినా నేను అబద్ధమే చెప్తా. బస్టాండులో కూడా "మా ఆయన టికెట్ తీసుకోడానికెళ్లాడు" అంటా. పెళ్లి కాకముందు నుంచీ అంటున్నా.

పొగమంచు

నేను నాక్స్‌విల్‌లో ఉంటాను, స్మోకీస్ (గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు) పక్కనే. మనుషుల సంగతి మీరు చూసుకోండి, నేను ఎలుగుబంట్ల సంగతి చెప్తాను. ఎందుకంటే ఇక్కడ పెప్పర్ స్ప్రే, బేర్ స్ప్రే ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. రెండూ వేరు.

తాళంచెవికి వేలాడే పెప్పర్ స్ప్రే సన్నటి ధారగా మూడు మీటర్ల దాకా పోతుంది. మనిషి మొహానికి గురిపెట్టేది. బేర్ స్ప్రే పెద్ద డబ్బా, పొగమబ్బులా విరజిమ్ముతుంది, ఎనిమిది తొమ్మిది మీటర్ల దూరం. ఎలుగుకీ మనకీ మధ్య గోడ కట్టడం దాని పని. అందులో క్యాప్సైసిన్ జాతి పదార్థం 1 నుంచి 2 శాతం ఉంటుంది, పర్యావరణ సంస్థ ఈపీఏ దగ్గర రిజిస్టర్ కావాలి. డబ్బా బరువు 350 గ్రాముల దరిదాపు. టెంటు మీద, బ్యాగు మీద ముందే చల్లుకుంటే ఎలుగు రాదనుకునేవాళ్లు ఉన్నారు. ఆరిపోయిన వాసనకి అది రావడమే ఎక్కువ. కారులో ఎండలో వదిలేస్తే పేలొచ్చు.

ఏటీ మీద ఉండేవి నల్ల ఎలుగులు, గ్రిజ్లీలు అనే పెద్ద గోధుమరంగు ఎలుగులు కావు. స్మోకీస్ పార్కు ఒక్కదాంట్లోనే సుమారు 1,900 ఉన్నాయంటారు. వాటికి మీ మీద కోపం ఉండదు, మీ అన్నం మీద ప్రేమ. ఎదురైతే పరిగెత్తొద్దు, చేతులు పైకెత్తి గట్టిగా అరవండి, వెనక్కి జరగండి. నిజంగా మీద పడితే తిరగబడి కొట్టాలి. చచ్చినట్టు పడుకోవడం గ్రిజ్లీ దగ్గర పాటించేది, ఇక్కడ కాదు.

బేర్ స్ప్రే కన్నా మీకు ముందు కావల్సింది బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి తిండి డబ్బా. జారార్డ్ గ్యాప్, నీల్ గ్యాప్ మధ్య అయిదు మైళ్ల ముక్కలో వసంతకాలంలో రాత్రి పడుకోవాలంటే అది తప్పనిసరి.

ఉప్మా_అల్ట్రాలైట్

లేదా ఆ అయిదు మైళ్లలో పడుకోకుండా దాటెయ్యడం. నేను చేసేది అదే.

గుంటూరు_ఘాటు

క్యానిస్టర్‌లో గోంగూర పచ్చడి పెట్టొచ్చా?

పొగమంచు

పెట్టండి. మూత గట్టిగా బిగించి టెంటుకి వంద అడుగులైనా దూరంగా వదిలెయ్యండి. తెల్లారాక ఎలుగు కొరికిన గుర్తులుంటే అది గుంటూరు ఎలుగని తెలుస్తుంది.

సియాటిల్_చినుకులు

మనిషి మీద బేర్ స్ప్రే వాడితే? డబ్బా పెద్దది, దూరం పోతుంది, ఒకటే మోస్తే సరిపోతుంది కదా. రెండెందుకు?

ప్రయారిటీ_డేట్_2013

లేబుల్ మీద రాసి ఉంటుంది చూడండి: లేబుల్‌కి విరుద్ధంగా వాడటం ఫెడరల్ చట్టం ఉల్లంఘన అని. అది పురుగుమందుల చట్టం కిందకొస్తుంది. మనిషి మీద వాడటానికి రిజిస్టర్ కాలేదు.

సియాటిల్_చినుకులు

ప్రాణం మీదకొచ్చినప్పుడు లేబుల్ చదివేదెవరండీ?

ప్రయారిటీ_డేట్_2013

అప్పుడు ఎవరూ చదవరు. కొనేటప్పుడు చదవమంటున్నా.

స్ప్రేల మీద రాష్ట్రాల గోల కూడా ఉంది, ఈ అమ్మాయికి కాకపోయినా ఉత్తరం వైపు వెళ్లేవాళ్లకి. న్యూజెర్సీలో ముప్పావు ఔన్సు దాటిన పెప్పర్ స్ప్రే ఉండకూడదు. న్యూయార్క్‌లో లైసెన్సున్న షాపులోనో ఫార్మసీలోనో స్వయంగా వెళ్లి కొనాలి. కాలిఫోర్నియాలో 2.5 ఔన్సుల వరకే.

సియాటిల్_చినుకులు

కాలిఫోర్నియా అంటే గుర్తొచ్చింది. జాన్ మ్యూర్ ట్రైల్ వెళ్లేవాళ్లు చూసుకోండి, యోసెమిటీ నేషనల్ పార్కులో బేర్ స్ప్రే నిషేధం. అక్కడ అది ఆయుధం లెక్క. వేరే చోట తెచ్చుకోమని చెప్పేది, ఇక్కడ తెస్తే జరిమానా.

మణికొండ_టు_మెయిన్

నేను హైదరాబాద్ నుంచి ఆగస్టులో వస్తున్నా. మెయిన్ రాష్ట్రంలో చివరి వంద మైళ్లు, ట్రైల్ ముగిసే కటాడిన్ కొండ దాకా. స్ప్రే ఇక్కణ్ణుంచే చెక్‌ఇన్ లగేజీలో వేసుకుని రావచ్చా?

పొగమంచు

బేర్ స్ప్రే ఏ బ్యాగులోనూ కుదరదు. మామూలు పెప్పర్ స్ప్రే అమెరికా లోపలి విమానాల్లో చేతిబ్యాగులో వద్దు, చెక్‌ఇన్‌లో 4 ఔన్సుల డబ్బా ఒక్కటి, సేఫ్టీ ఉండాలి. చాలా ఎయిర్‌లైన్లు అదీ ఒప్పుకోవు. దిగాక బాంగర్‌లోనో మిల్లినాకెట్‌లోనో కొనుక్కోండి. తిరిగి వెళ్లేటప్పుడు హాస్టల్లో ఎవరికైనా ఇచ్చెయ్యండి.

అచ్చంపేట_అడవి

అన్నా, ఇంకో ముచ్చట. మెల్లగ ఇన్‌రీచ్ గూడ కొనుక్కుందువు, మంచిగున్నదని ఇండియాకు పట్కొస్తవు. పట్కరాకు. మన దగ్గర శాటిలైట్ ఫోన్లు, గార్మిన్ ఇన్‌రీచ్ అసోంటివి పర్మిషన్ లేకుంట ఉంటె కేసే. ఢిల్లీ, గోవా ఎయిర్‌పోర్టులల్ల ఫారినోళ్లనే పట్కున్నరు. పేపర్ల వచ్చింది.

మణికొండ_టు_మెయిన్

అమ్మో. అక్కడ అద్దెకి తీసుకుంటా.

డాక్టర్_దద్దోజనం

ఇంత పెద్ద చర్చలో పిడుదు పురుగు పేరు ఎత్తినవాడు లేడు! అమ్మాయీ, నీ మీద దాడి చేసేది ఏదైనా ఉందంటే అది గోరంత కూడా ఉండదు. ఈశాన్యం వైపు లైమ్ జబ్బు ఎక్కువ. జార్జియా, కరోలినా వైపు లోన్ స్టార్ అనే పిడుదు ఉంటుంది, ఆడదాని వీపు మీద తెల్ల చుక్క. అది కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అలర్జీ వస్తుంది. అంటే మటన్, బీఫ్, పోర్క్ తిన్న కొన్ని గంటలకి దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. నా దగ్గరికొచ్చిన ఓ తెలుగాయన ఏడాదిగా గొర్రెమాంసం ముట్టుకోవడం లేదు.

బట్టలకీ బూట్లకీ పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందే కొట్టి ఆరబెట్టుకో. రోజూ పడుకునే ముందు మోకాళ్ల వెనక, చంకలు, జుట్టు మొదళ్లు చూసుకో.

బెజవాడ_బస్టాండ్

మటన్ బిర్యానీ బంద్ అయ్యే జబ్బా?? తుపాకీ కాదు, ముందు ఆ పెర్మెత్రిన్ డజను సీసాలు కొనండి.

డల్లాస్_బావ

దీనికి నా దగ్గర ఆయుధం లేదు. ఓటమి ఒప్పుకుంటున్నా.

బామ్మగారి_బూట్లు

ఇంతమంది ఇన్ని చెప్పారు, ఎమ్మా గేట్‌వుడ్ పేరు ఎవరూ తలుచుకోలేదు. 1955లో, 67 ఏళ్ల వయసులో, కాన్వాస్ బూట్లు వేసుకుని చేత్తో కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని ఏటీ మొత్తం ఒంటరిగా నడిచింది. టెంటు లేదు. పిల్లలకి నడవడానికి వెళ్తున్నానని మాత్రం చెప్పి బయల్దేరింది. 11 మంది పిల్లలు. ఆ నడకకి ముందు ఆవిడ మొగుడి చేతుల్లో తిన్న దెబ్బలకి లెక్క లేదు, 1941లో విడాకులు తీసుకుంది.

అడవిలో ఎవరు కొడతారో అని మనం మాట్లాడుకుంటున్నాం. ఆవిణ్ణి కొట్టింది ఇంట్లో.

కడప_కట్టె

👏👏

అచ్చంపేట_అడవి

అవ్వ జబర్దస్త్.

ఉప్మా_అల్ట్రాలైట్

టెంటు లేకుండా! ఆవిడే అసలైన అల్ట్రాలైట్. నేను నకిలీ.

కందనవోలు_పిల్ల

అందరికీ థాంక్స్, డల్లాస్ బావగారికి కూడా (నిజంగానే). ఇప్పటికి అనుకుంటున్నది ఇది: చిన్న పెప్పర్ స్ప్రే, విజిల్, పోల్స్, ఇన్‌రీచ్ మినీ, పెర్మెత్రిన్, క్యానిస్టర్. బేర్ స్ప్రే మాత్రం తేల్చుకోలేకపోతున్నా. పొగమంచు గారూ, మీరైతే మోస్తారా?

ఇన్‌రీచ్ మినీ వంద గ్రాములు, పైగా నెలనెలా చందా. నా ఐఫోన్ 15లో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కదా, రెండూ ఎందుకని ఇంకో ఫ్రెండు అంటోంది.

పొగమంచు

జార్జియా ముక్కకి నేను మోయను. మా స్మోకీస్‌లోకి వచ్చేటప్పుడు మోస్తాను. రాత్రి టెంటు బయట చప్పుడైతే డబ్బా చేతికి తగలడం వల్ల నిద్ర పడుతుందంటే 350 గ్రాములు దండగ కాదు, మోసుకెళ్లండి. టెంటు లోపల మాత్రం నొక్కొద్దు.

సియాటిల్_చినుకులు

ఫోన్ ఎస్ఓఎస్ పనిచేస్తుంది, ఆకాశం కనిపించే చోట నిలబడి శాటిలైట్ వైపు తిప్పి పట్టుకోవాలి. చెయ్యి విరిగి లోయలో పడ్డప్పుడు ఆ ఆట ఆడటం కష్టం. పైగా ఫోన్ మీ మ్యాపు, కెమెరా, పాటలు, అన్నీను. సాయంత్రానికి 8 శాతం చార్జింగ్. ఇన్‌రీచ్ రోజూ ఓ టైముకి "బానే ఉన్నా" మెసేజ్ ఇంటికి పంపుతుంది, నా మట్టుకు దాని అసలు ఉపయోగం అదే.

మజిలీ_మంగ

ఆ మెసేజ్ ఇంట్లోవాళ్లకి మాత్రమే. ఇన్‌స్టాలో పెట్టే ఫొటోలు రెండు మూడు రోజులు ఆలస్యంగా పెట్టండి. మీరు ఏ షెల్టర్లో ఉన్నారో ఆ రాత్రే లోకానికి చెప్పక్కర్లేదు. షెల్టర్లలో రిజిస్టర్ పుస్తకం ఉంటుంది, అందులో తప్పకుండా రాయండి, తర్వాత ఎవరైనా వెతకాల్సి వస్తే వాళ్లు చూసేది అదే. కాకపోతే ట్రైల్ పేరు రాయండి, "ఒంటరిగా వెళ్తున్నా" అని రాయకండి.

బెజవాడ_బస్టాండ్

ట్రైల్ పేరంటే?

మజిలీ_మంగ

ఏటీ మీద అందరికీ మారుపేర్లు ఉంటాయి, పక్కవాళ్లు పెడతారు. ఆడో మగో తెలియని పేరైతే ఇంకా మంచిది.

గుంటూరు_ఘాటు

"కారం పొడి". ఇక్కడే పెట్టేశాం, అక్కడ ఇంకో పేరు ఒప్పుకోవద్దు.

కందనవోలు_పిల్ల

😂 ఖాయం. మా అమ్మకి కూడా తృప్తి, కారం పొడి వెంట వెళ్లినట్టే.

ఇంకో సందేహం: పెప్పర్ స్ప్రే ఎక్కడ తగిలించుకోవాలి? నడుము పట్టీ జేబులో పెట్టి చూశా, జిప్పు తియ్యడానికే టైము పడుతోంది.

మజిలీ_మంగ

జిప్పు వెనక పెట్టినది ఇంట్లో పెట్టినట్టే. భుజం పట్టీకి, మీ చెయ్యి సహజంగా పోయే వైపు, ఛాతీ ఎత్తులో. రాత్రి టెంటులో తల దీపం పక్కన, ఎప్పుడూ ఒకే చోట. అదే కంపెనీ వాళ్లు నీళ్లు నింపిన ప్రాక్టీసు డబ్బా అమ్ముతారు, ఒకటి కొని ఇంటి వెనక గాలి ఎటు వీస్తోందో చూసుకుని నొక్కండి. బొటనవేలితో సేఫ్టీ తిప్పడం చీకట్లో కూడా రావాలి. డబ్బా అడుగున ఎక్స్‌పైరీ తేదీ చూసి కొనండి.

ఉప్మా_అల్ట్రాలైట్

31వ మైలు దగ్గర నీల్ గ్యాప్‌లో పెద్ద గేర్ షాపు ఉంటుంది, ట్రైల్ ఆ కట్టడం లోంచే పోతుంది. ఎక్కువ మోసుకొచ్చిన సామాను చాలామంది అక్కణ్ణుంచే ఇంటికి పోస్టు చేస్తారు. కాబట్టి అనుమానం ఉన్నవన్నీ మొదటి 31 మైళ్లు మోసి చూడు. కత్తులు, గొడ్డళ్లు అక్కడ మానేసినవాళ్లని చూశాను. స్ప్రే మాత్రం పోస్టాఫీసువాళ్లు విమానంలో పంపరు, ఆ ఒక్కటి ముందే తేల్చుకో.

డల్లాస్_బావ

కారం పొడి గారూ, షార్లెట్ నుంచి స్ప్రింగర్‌కి ఎవరు దింపుతున్నారు? మా తమ్ముడు అట్లాంటాలో ఉంటాడు, భార్యాభర్తలిద్దరూ వస్తారు. అమికలోలా ఫాల్స్ నుంచి మొదలుపెడితే స్ప్రింగర్ చేరేలోపే 8.8 మైళ్లు అదనంగా ఎక్కాలి, అందుకని పైనున్న ఫారెస్ట్ రోడ్ పార్కింగ్ దాకా దింపమంటా. కంకర రోడ్డు, మామూలు కారు కూడా పోతుంది. మెసేజ్ పెట్టండి.

కందనవోలు_పిల్ల

బావగారూ, పెట్టాను చూడండి. మీ తమ్ముడి భార్య నంబరు కూడా ఇవ్వండి, ముందు ఆవిడతో మాట్లాడతా.